కరపత్రంలో కనిపించని పదేళ్లు

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన వారంలోపే ఊళ్లోకి కరపత్రాలు దిగుతాయి. పార్టీ ఏదైనా, గుర్తు ఏదైనా, మొదటి పేరా ఇంచుమించు ఒకటే. నిరుపేద రైతు కుటుంబంలో పుట్టారు, సర్కారు బడిలో చదివారు, విద్యార్థి దశ నుంచే నాయకత్వ లక్షణాలు పుణికిపుచ్చుకున్నారు, ప్రజాసేవే పరమావధిగా మీ ముందుకు వస్తున్నారు. రెండో పేరాకే అభ్యర్థి నలభై ఏళ్లవాడై, మెడలో కండువాతో దండం పెడుతూ కనిపిస్తాడు. చదువు అయిపోయిన నాటి నుంచి టికెట్ వచ్చిన నాటి దాకా ఏం చేశాడన్నది ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

నాయకుడు తయారయ్యేది ఆ ఖాళీలోనే. పేదరికంలో పుట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు, బడికి నడిచి వెళ్లినవాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్లలో ఒకరిద్దరే ప్రజల్లోకి ఎలా వచ్చారో బాల్యం ఒక్కటీ చెప్పలేదు.

కష్టపడి పెరగడానికి విలువ లేదని కాదు. టంగుటూరి ప్రకాశం పంతులు జీవితమే చూడండి. 1872లో పుట్టిన ఆయన చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని సాకింది. పూటకూళ్లంటే ఆ రోజుల్లో నలుగురిలో చిన్నచూపే. కుర్రాడికి నాటకాల పిచ్చి, అల్లరి కూడా తక్కువేం కాదు. మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారుతూ ఈ పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లకపోతే కథ ఒంగోలులోనే ఆగిపోయేదేమో. రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకున్నాక, బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లకముందే, ఆయన ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిన ఘట్టం మనకు కంఠతా వచ్చు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారనీ బడిపిల్లలకు కూడా తెలుసు. రాజమండ్రి మునిసిపాలిటీ రాజకీయాన్ని మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. మనుషుల్ని కూడగట్టడం, ఓట్లు లెక్కేసుకోవడం, ఎదుటివాడి ఎత్తు కనిపెట్టడం ఎవరైనా నేర్చుకునేది అలాంటి చోటే కదా.

దామోదరం సంజీవయ్య దారి వేరు. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో దళిత కుటుంబంలో పుట్టారు. పసికందుగా ఉండగానే తండ్రి పోయారు, మేనమామ ఇంట పెరిగారు. మద్రాసులో లా చదివారు. 1950లో తాత్కాలిక పార్లమెంటుకు, 1952లో మద్రాసు శాసనసభకు వెళ్లి, 1960లో నలభై ఏళ్లు నిండకుండానే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవికి వచ్చిన తొలి దళితుడు ఆయనే. ప్రకాశంగారిలా ఆయన మునిసిపాలిటీ మెట్టు ఎక్కలేదు. ఆయన్ను నిలబెట్టింది చదువు, వకీలు వృత్తి, అప్పుడు కొత్తవాళ్ల కోసం చూస్తున్న పార్టీ. ఇద్దరికీ పేదరికం ఉమ్మడే. అయినా ఒకరికి ఒక మాస్టారు, మరొకరికి ఒక సందర్భం లేకపోతే ఆ పేదరికం ఎవరి కంటా పడేది కాదు. కరపత్రం రాసేవాళ్లు పేదరికాన్ని పట్టుకుని మాస్టారిని వదిలేస్తారు.

ఇక ఊరి స్థాయికి వస్తే, ఒకప్పుడు నాయకత్వం వారసత్వపు ఆస్తిగా ఉండేది. మునసబు, కరణం, పటేల్, పట్వారీ ఉద్యోగాలు కొన్ని కుటుంబాల చేతుల్లోనే తిరిగేవి. భూమి లెక్కలు ఎవరి దగ్గర ఉంటే పెద్దరికం వాళ్లదే. 1959లో సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినా చాలాచోట్ల కూర్చున్నది ఆ ఇళ్లవాళ్లే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఈ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది, ఆ వెంటనే సమితులను తీసేసి మండలాలు తెచ్చింది. 1987లో మండలాధ్యక్షుణ్ని, జిల్లా పరిషత్ చైర్మన్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. ఈ రెండు మార్పుల ప్రభావం తక్కువగా అంచనా వేస్తుంటాం. మండల కేంద్రం దగ్గరైంది, తహసీల్దార్ ఆఫీసుకు బస్సెక్కి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. అలా తిరిగే ఓపిక, అక్కడి గుమస్తాతో మాట్లాడే నోరు ఉన్న యువకుడికి ఊళ్లో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అతను పెద్దింటివాడు కానక్కర్లేదు. ఈ మార్పులకు ముందే, 1983లో తెలుగుదేశం టికెట్ల మీద గెలిచినవాళ్లలో రాజకీయానికి కొత్తవాళ్లు ఎంతమందో! కింజరాపు ఎర్రన్నాయుడు హరిశ్చంద్రపురం నుంచి అసెంబ్లీకి వెళ్లేనాటికి ఇరవైల్లోనే ఉన్నారు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక సీట్లకు రిజర్వేషన్లు, అయిదేళ్లకోసారి ఎన్నికలు చట్టబద్ధమయ్యాయి. తెలంగాణలో ఇప్పుడు పన్నెండు వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. కాగితం మీద చూస్తే పాతిక వేలకు పైగా సర్పంచ్ కుర్చీలు, అంటే పాతిక వేల శిక్షణ శిబిరాలు.

ఆ శిక్షణలో ఏముంటుందో దగ్గరగా చూస్తేగానీ అర్థం కాదు. ఊళ్లో ఎవరికో గుండె ఆపరేషన్ అవుతుంది, ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లు కట్టి ఇంటికొస్తారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, వాటి మీద ఎమ్మెల్యే సిఫార్సు. ఒక బిల్లు మీద ఆసుపత్రి సీలు లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది. ఈ కాగితాలు పోగుచేసి, క్యాంపు ఆఫీసులో ఇచ్చి, ఏ పేరు మీద చెక్కు వచ్చిందో నెలల తరబడి కనుక్కుంటూ ఉండే మనిషి ఒకడుంటాడు. అతనికి పదవి ఉండదు, జీతం ఉండదు. అదే మనిషి ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్తాడు, ఫ్రీజర్ బాక్సు మాట్లాడతాడు, పదకొండో రోజు మళ్లీ కనిపిస్తాడు. పెళ్లికి చదివింపులు రాయిస్తాడు. పట్టాదారు పాస్ పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడితే మీసేవకీ తహసీల్దార్ ఆఫీసుకీ మధ్య రైతుతో పాటు తిరుగుతాడు. ఓటర్ల జాబితా వచ్చినప్పుడు ఏ ఇంటి కోడలి పేరు ఇంకా పుట్టింటి బూత్‌లోనే ఉందో అతనికే తెలుసు. పోలింగ్ రోజు ఏజెంటుగా కూర్చుని, ఎవరు రాలేదో చూసి ఆటో పంపించేదీ అతనే.

ఇదంతా నిస్వార్థ సేవ అనుకుంటే పొరపాటే. మేలు పొందిన ఇల్లు ఓటు బాకీ పడుతుంది, ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. హక్కుగా రావాల్సినదాన్ని దయగా ఇప్పించడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. ఆఫీసులు సరిగ్గా పనిచేస్తే ఈ మధ్యవర్తికి పనే ఉండదు. అలాగని కొట్టిపారేయలేం కూడా. ఏ ఆఫీసులో ఏ కాగితం ఎందుకు ఆగుతుందో, ఏ జీవోలో ఏ మెలిక ఉందో తెలిసిన మనిషి రేపు అసెంబ్లీలో కూర్చుంటే అధికారి చెప్పిందానికల్లా తలూపడు.

ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా కనిపించే ప్రయాణం రేవంత్ రెడ్డిది. రాజకీయంగా ఆయన్ను ఇష్టపడినా పడకపోయినా ఆ క్రమం చూడదగినది. విద్యార్థిగా ఏబీవీపీలో పనిచేశారు. 2006లో మిడ్జిల్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా జడ్పీటీసీ గెలిచారు. మరుసటి ఏడాదే స్థానిక సంస్థల కోటాలో, మళ్లీ స్వతంత్రుడిగానే, ఎమ్మెల్సీ అయ్యారు. ఆ ఎన్నికలో ఓటర్లు మామూలు జనం కాదు. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, మునిసిపల్ కౌన్సిలర్లు. అంటే జిల్లాలో ఎవరు ఎవరి మనిషో తెలియకుండా గెలవడం కుదరదు. 2009లో తెలుగుదేశం తరఫున కొడంగల్ ఎమ్మెల్యే. ఆయన సొంతూరు కొండారెడ్డిపల్లి ఆ నియోజకవర్గంలోది కాదు. 2018లో అదే కొడంగల్‌లో ఓడిపోయి, కొన్ని నెలలకే మల్కాజిగిరి ఎంపీగా గెలిచి, 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. జడ్పీటీసీ నుంచి ఆ కుర్చీ వరకు పదిహేడేళ్లు. బండి సంజయ్‌ది మరో తరహా: 2005లో కరీంనగర్ కార్పొరేటర్, అసెంబ్లీకి 2014లోనూ 2018లోనూ ఓటమి, 2019లో ఎంపీ. ఓడిపోయినా ఊరు వదిలి వెళ్లకపోవడం కూడా ఒక అర్హతే. అది ఏ అఫిడవిట్‌లోనూ రాయరు.

వారసులకు ఈ మెట్లు అక్కర్లేదన్నది అందరూ అనేమాట. టికెట్ వరకు అది నిజమే. గెలుపు వేరు. 2009లో సిరిసిల్లలో కేటీఆర్ మొదటిసారి గెలిచింది 171 ఓట్ల తేడాతో. తండ్రి ఉద్యమానికి నాయకుడైనా జనం అంతవరకే ఇచ్చారు. నారా లోకేశ్ 2019లో మంగళగిరిలో 5,337 ఓట్లతో ఓడిపోయారు, అప్పటికే ఆయన మంత్రి. సురక్షితమైన సీటు వెతుక్కోకుండా అయిదేళ్లు అదే నియోజకవర్గాన్ని పట్టుకుని తిరిగి 2024లో 91,413 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ ఏడాది కూటమి గాలి బలంగా వీచిన మాట వాస్తవమే, మొత్తం ఘనత ఆ అయిదేళ్లకే కట్టబెట్టలేం. వారసుడైనా ఆ ఖాళీని ఏదో ఒకనాడు నింపుకోక తప్పదని మాత్రం ఈ అంకెలు చెబుతున్నాయి.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ మెట్లే ఒక్కొక్కటిగా ఊడిపోతున్నాయి. మొదటిది కాలేజీ. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చిన చంద్రబాబు నాయుడు 1978లో ఇరవై ఎనిమిదేళ్లకే చంద్రగిరి ఎమ్మెల్యే అయ్యారు. ఆ తరం నాయకుల్లో చాలామందికి ఉపన్యాసం అలవాటైంది క్యాంపస్ ఎన్నికల్లోనే. 1980ల చివర్లో గొడవలు, హత్యల కారణంగా విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. సంఘాలు మిగిలాయి, ఎన్నికలు పోయాయి. దాంతో విద్యార్థి నాయకుడంటే తోటి విద్యార్థులు ఎన్నుకున్నవాడు కాకుండా, పార్టీ నియమించినవాడు అయ్యాడు. కింద ఉన్నవాళ్లను ఒప్పించే అవసరం పోయి, పైన ఉన్నవాళ్లను మెప్పించే అలవాటు అక్కడే మొదలైంది.

రెండో మెట్టు పంచాయతీ. అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అని రాజ్యాంగం చెబుతున్నా, ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గడువు ముగిసిన పంచాయతీలకు 2013 దాకా ఎన్నికలు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో పాలకవర్గాలు దిగిపోతే మళ్లీ ఓటు పడింది 2021లో. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో గడువు తీరితే ఎన్నికలు 2025 డిసెంబరుకు గానీ రాలేదు. కారణం ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుంది: రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసు, కరోనా. అన్ని పార్టీల ప్రభుత్వాల హయాంలోనూ ఇదే జరిగింది కాబట్టి ఒకరిని అని లాభం లేదు. ఆ కాలమంతా ఊరికి ప్రత్యేకాధికారే దిక్కు. ఒక్కొక్కరికి అయిదారు గ్రామాలు అప్పగిస్తే ఆయన ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియదు.

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఉంగరం, కత్తెర లాంటి గుర్తులే. కానీ ఏ అభ్యర్థి వెనుక ఏ పార్టీ ఉందో ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఖర్చు పరిమితి సంగతి మరీ వినోదం. తెలంగాణలో అయిదు వేల జనాభా దాటిన గ్రామంలో సర్పంచ్ అభ్యర్థి రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర మించి ఖర్చు పెట్టకూడదు. నగరం అంచున భూముల ధరలు పెరిగిన గ్రామాల్లో ఆ డబ్బు ఒక్కరోజు విందుకే చాలదని అందరికీ తెలుసు. ఏకగ్రీవం అయితే నిధులిస్తామని ప్రభుత్వాలు ప్రోత్సహిస్తాయి. 2021 ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో జనాభాను బట్టి అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల వరకు ప్రకటించారు. ఊరు కలిసికట్టుగా ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కొన్నిచోట్ల ఆ ఏకగ్రీవం గుడి పేరు మీద, బొడ్రాయి పేరు మీద వేలంపాటగా మారింది. పోటీయే లేకుండా సర్పంచ్ అయిన మనిషికి ఒక్క ఇంటి తలుపూ తట్టే అవసరం రాలేదు. ఆ శిక్షణ సున్నా.

గెలిచాక పరిస్థితి ఇంకా ఘోరం. తెలంగాణ సర్పంచ్‌కు గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. 2018 చట్టం సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. డబ్బు దుర్వినియోగం కాకుండా అని. ఆచరణలో ఉపసర్పంచ్ వేరే వర్గం వాడైతే వీధి దీపం బల్బుకు కూడా సంతకం పడదు. డ్రైనేజీ, శ్మశానవాటిక, పల్లె ప్రకృతి వనం పనులు వెంటనే పూర్తిచేయాలని పై నుంచి ఒత్తిడి వస్తుంది. సర్పంచ్ అప్పు తెచ్చి పని చేయిస్తాడు, బిల్లు పెండింగ్‌లో పడుతుంది. పదవీకాలం అయిపోయాక కూడా బిల్లుల కోసం మాజీ సర్పంచులు ధర్నాలు చేసిన సంగతి పత్రికలు చదివేవారందరికీ తెలిసిందే. ఇలాంటి అయిదేళ్లు చూసిన ఓ మామూలు కుటుంబం రెండోసారి పోటీకి దిగుతుందా? దిగేది అప్పు తట్టుకోగలవాళ్లే. కాంట్రాక్టరు, రియల్ ఎస్టేట్ వ్యాపారి, విదేశాల్లో సంపాదించి వచ్చినవాడు. వాళ్లంతా చెడ్డవాళ్లని కాదు, కానీ తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న అనుభవం వాళ్లలో తక్కువమందికే ఉంటుంది. ఇల్లెందు నుంచి అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి సైకిల్ మీద తిరిగిన గుమ్మడి నర్సయ్య గురించి ఇప్పుడు సోషల్ మీడియాలో వింతగా చెప్పుకుంటున్నామంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఆడవాళ్ల దారి గురించి కరపత్రాలు రాసేది ఇంకా తక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. సీటు రిజర్వ్ కాగానే పేరు భార్యది, ఫ్లెక్సీలో పెద్ద ఫొటో భర్తది. గ్రామసభలో కుర్చీలో కూర్చునేదీ చాలాచోట్ల ఆయనే. దీన్ని చూసి రిజర్వేషన్ దండగ అనేవాళ్లున్నారు. కానీ డ్వాక్రా సంఘంలో పదేళ్లు లీడరుగా ఉండి, బ్యాంకు మేనేజరుతో లింకేజీ రుణం మాట్లాడి, తీర్మానం పుస్తకం రాసిన స్త్రీ సర్పంచ్ అయితే కథ వేరుగా ఉంటుంది. పేరుకే సర్పంచ్ అయిన ఇంటావిడకీ ఈమెకీ మధ్య తేడా మళ్లీ ఆ పదేళ్లలోనే ఉంది. అసెంబ్లీ స్థాయిలో చూడాలంటే సీతక్క. టీనేజీలోనే నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్లి, తర్వాత జనజీవనంలోకి వచ్చి, లా చదివి, 2004లో ములుగులో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడి, 2018లోనూ 2023లోనూ గెలిచారు. 2020 లాక్‌డౌన్‌లో రోడ్డు లేని గూడేలకు సరుకులు మోసుకెళ్లిన ఫొటోలు చాలామంది చూశారు. 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. 2023 డిసెంబరులో ఆమెకు దక్కింది పంచాయతీరాజ్ శాఖే.

మరి ఎవరు పోటీ చేయొచ్చో చెప్పే నిబంధనల్లో ఈ అనుభవానికి చోటుందా అంటే లేదు. పంచాయతీకి ఇరవై ఒకటి, అసెంబ్లీకి ఇరవై అయిదేళ్లు నిండాలి, ఓటరై ఉండాలి. హర్యానా 2015లో పంచాయతీ అభ్యర్థులకు కనీస చదువు ఉండాలని చట్టం చేస్తే సుప్రీంకోర్టు సమర్థించింది. రాజస్థాన్ కూడా అలాంటి నిబంధనే పెట్టి 2019లో వెనక్కి తీసుకుంది. మన దగ్గర చదువు షరతు పెట్టలేదు, అదే నయం. చదువుకునే అవకాశం రాని తరాన్ని పోటీ నుంచి కూడా తప్పించడం న్యాయం కాదు. మన దగ్గర ఉన్న విచిత్రం ఇంకొకటి. 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుడితే వార్డు మెంబరుగా పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది. ఎమ్మెల్యేకి, మంత్రికి ఆ అడ్డు ఎప్పుడూ లేదు. అందరికన్నా కింది మెట్టు మీదే అందరికన్నా పెద్ద తాళం. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024 నవంబరులో ఎత్తేసింది.

సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యమా అని అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో ఉంటాయి. కరపత్రం దాటవేసిన సంవత్సరాల్లో కొంత ఆనవాలు అక్కడ దొరుకుతుంది. వృత్తి అన్న చోట ఏం రాశారు, ఆదాయం దేని నుంచి వస్తోందని చూపారు, గత ఎన్నిక నాటి ఆస్తికీ ఇప్పటి ఆస్తికీ తేడా ఎంత, కేసులు రాస్తారోకోలవా, భూ తగాదాలవా. ఉద్యమాల్లో పెట్టిన కేసుకీ చీటింగ్ కేసుకీ సెక్షన్లు చూస్తే తేడా తెలిసిపోతుంది. మిగతాది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. ఆ అభ్యర్థి సొంత మండలంలోని నలుగురు మాజీ వార్డు మెంబర్లను అడగాలి: ప్రత్యేకాధికారి పాలనలో బోరు మోటారు కాలిపోయినప్పుడు ఈయన ఫోన్ ఎత్తాడా, లేదా?